జాబు మొత్తం చదివేసిన మనిషి

కొండ సాక్షిగా చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. తిరుపతిలో కొండను సాక్షిగా పిలవడమంటే ఆషామాషీ కాదు. ఏ వీధిలో నిలబడి తలెత్తినా అది మనకు కనిపిస్తుంది, అంటే దానికీ మనం కనిపిస్తున్నట్టే లెక్క. అందుకే అంగడి పెట్టిన రోజే నా కుట్టుమిషన్‌ను కొండ నా వీపు వైపు వచ్చేట్టు వేయించుకున్నాను. టైలరన్నాక రోజుకు పది అబద్ధాలైనా చెప్పాలి మరి. "రేపు సాయంత్రానికి ఇచ్చేస్తా మ్మా" అన్నది మొదటిది. మిగతా తొమ్మిదీ కూడా అదే. ఇప్పుడు మాత్రం కుర్చీ అటు తిప్పుకుని, కొండకు ఎదురుగా కూర్చుని రాస్తున్నాను.

నాది ఆడవాళ్ళ జాకెట్లు కుట్టే అంగడి. ఉండేది ఇద్దరమే. కత్తిరించి కుట్టేది నేను. హుక్కులూ కాజాలూ చీరల ఫాల్సూ కుట్టేది ఒక అక్క. వయసులో నాకన్నా ఆరేళ్ళు పెద్దది, మాటలో అరవై ఏళ్ళు పెద్దది. మా పనిలో చేతులకూ కళ్ళకూ తీరిక ఉండదు గానీ చెవులు మాత్రం ఊరికే ఉంటాయి. నాలుగేళ్ళ కిందట ఆ చెవుల్లోకి పెద్దమ్మ వచ్చి కూర్చుంది.

పెద్దమ్మంటే మా ఇంటి పెద్దమ్మ కాదు, ఫోన్లో వచ్చే పాడ్‌కాస్టు. జనం తమ కష్టాలు రాసి పంపిస్తే ఒక పెద్దావిడ చదివి సలహా చెప్పేది. ఉదయం పది గంటలకు కొత్త భాగం వచ్చేది. తన పేరు ఎప్పుడూ చెప్పలేదు. "పెద్దమ్మా అని రాయండి, సాలు" అనేది. రెండు మాటలు వింటే చిత్తూరు పక్క మనిషని తెలిసిపోయేది. ఆ గొంతు ఇత్తడి బిందె మీద గరిటె తగిలినట్టు ఉండేది. మిషన్ ఎంత గట్టిగా తొక్కినా ఒక్క మాట కూడా జారిపోయేది కాదు.

ఆమె పద్ధతే వేరు. మూడు పేజీల జాబు వచ్చినా రెండు వాక్యాలే చదివేది. "జాబు పొడుగు, కష్టం పొట్టి. నేను కష్టం మటుకే సదవతా" అనేది. ఆ తర్వాత రాసినవాళ్ళను తిట్టేది. తిట్టాక చెయ్యడానికి ఒక పని అప్పజెప్పేది. పెళ్ళికి ఆలస్యంగా పోయినందుకు తోడికోడలు మాట్లాడడం లేదని ఒకామె రాస్తే పెద్దమ్మ చెప్పిన సలహా నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. "రేపు బస్సెక్కు మ్మా. చేతిలో ఒక డజను అరిటిపండ్లు పెట్టుకో. పోయి వాళ్ళ వసారాలో కూసో. ఆమె తిట్టినంతసేపూ నువ్వొక్కొక్క పండు ఒలుసుకొని తింటావుండు. నోట్లో పండుంటే ఎదురుమాట రాదు."

మా అక్క ఆ రోజు సూది కిందపెట్టి చప్పట్లు కొట్టింది. పది గంటలకే జాకెట్టు ఇచ్చే పని పెట్టుకుని వచ్చే ఆడవాళ్ళు నాలుగు వీధుల్లో పెరిగారు. వాళ్ళు వచ్చేది నా కుట్టు కోసం కాదని నాకూ తెలుసు.

ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. పెద్దమ్మకు నేను కూడా జాబులు రాసేవాణ్ణి. కష్టాలు లేవు గనుక కల్పించి రాసేవాణ్ణి. ఒక వారం పుత్తూరులో అత్తతో పడలేని కోడల్ని. ఇంకో వారం పాకాలలో రిటైరై పక్కింటి కోడిపుంజుతో పంతం పడుతున్న గుమాస్తాని. ఒకసారి ఇద్దరు అక్కాచెల్లెళ్ళనై ఒకరి మీద ఒకరు ఫిర్యాదు రాశాను. ఇద్దరికీ తిట్లు పడ్డాయి. ఆ వారం నా అంత సంతోషంగా ఉన్నవాడు ఊళ్ళో లేడు.

ఒకనాడు పెద్దమ్మ జాబు చదవడానికి ముందు గొంతు సవరించుకుంది. "తిరపతి పక్కనుంచి ఒకాయన వారానికొక మొగంతో రాస్తావుండాడు. ఒకసారి కోడలంటాడు, ఒకసారి గుమాస్తా అంటాడు. యా కష్టం రాసినా అందులో యాడో ఒకసోట జాకెట్టు వస్తాది. కోడిపుంజు జాబులో గూడా జాకెట్టు వచ్చినాది. నాయనా, నువ్వు టైలరువి. కష్టాలు పుట్టించేది మాని, జనం గుడ్డలు టయానికియ్యి."

అంగడి నిండా ఆడవాళ్ళు. అందరూ నావైపు చూశారు. నేను కత్తెర వైపు చూశాను. అక్క మాత్రం హుక్కు కుడుతూనే, "కోడిపుంజు నువ్వేనా తమ్ముడా!" అంది.

అట్లా పరువు పోయాక ఆరు నెలలు ఏమీ రాయలేదు. మళ్ళీ కలం పట్టింది నిజం రాయడానికి. నా జీవితంలో ఆ పెద్దమ్మకు రాసిన ఒకే ఒక్క నిజం జాబు అది.

సంగతేమిటంటే, చిత్తూరులో నాకొక చెల్లెలుంది. ఆమె కూతురికి రెండేళ్ళ కిందట ఓణీల ఫంక్షన్ చేశారు. లంగా ఓణీ తేవలసింది మేనమామ. ఆ మేనమామ నేనే, పైగా టైలర్ని. చెల్లెలు కొలత కోసం పిల్ల ఆది జాకెట్టు పొట్లం కట్టి పంపింది. నేను దాని దారం కూడా విప్పలేదు. పుట్టిన రోజు నుంచీ చూస్తున్న పిల్లకు నాకు ఆది ఎందుకని గర్వం. నా కన్నే టేపు అని ఊరంతా చెప్పుకునేవాణ్ణి. చేతికి బిర్రుగా, అందంగా ఉండాలని లోపల గుడ్డ కూడా వదలకుండా కుట్టాను. ఎవరికి కుట్టినా లోపల వేలెడు గుడ్డ వదులుతాం, పెద్దవుతుంటే విప్పుకోవచ్చని. నా మేనకోడలికి మాత్రం వదల్లేదు.

పీట మీద కూర్చోబెట్టి అక్షింతలు వేస్తుంటే పిల్ల దండం పెట్టడానికి రెండు చేతులూ దగ్గరికి తెచ్చింది. కుడిచేతి కుట్టు పర్రుమంది. వీడియో తీసేవాళ్ళ మైకులో కూడా పడింది ఆ చప్పుడు. అప్పుడైనా నోరు మూసుకుని ఉండాలి కదా. "నా కొలత తప్పలేదబ్బా! మామిడిపండ్ల కాలం గదా, పిల్లే నాలుగు దినాల్లో ఊరింది!" అన్నాను. పందిరంతా నవ్వింది. పిల్ల పీట మీద నుంచి లేచి లోపలికి వెళ్ళిపోయింది, మళ్ళీ బయటికి రాలేదు. చెల్లెలు సూదీ దారం కోసం నా సంచిలో చెయ్యి పెట్టింది. కట్టిన దారం కట్టినట్టే ఉన్న ఆది పొట్లం ఆమె చేతికి తగిలింది. దాన్ని చూసింది, నన్ను చూసింది. అంతే.

రెండేళ్ళు మాటల్లేవు. ఇంకో టైలరు దగ్గర జాకెట్లు కుట్టించుకుంటోందని తెలిసిన రోజు నేను అన్నం తినలేదు.

ఇంతలో వాళ్ళు చిత్తూరు శివార్లలో ఇల్లు కట్టుకున్నారు. కొత్తింట్లో పాలు పొంగించేటప్పుడు ఆడబిడ్డ పుట్టింటి చీర కట్టుకోవాలి, అది అన్న తీసుకుపోవాలి. మా నాయనా అమ్మా ఇద్దరూ లేరు. కాబట్టి ఆమెకు పుట్టిల్లంటే నేనూ, ఈ అంగడీ. నేను పోకపోతే తనకు పుట్టింటివాళ్ళు లేరని నలుగురిలో చాటినట్టే. మరి అన్నను పిలవాలంటే ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవాలి. మాకు వచ్చింది బంధువుల వాట్సాప్ గుంపులో ఒక బొమ్మ. పైన ఎవరో పెట్టిన శుభోదయం గులాబీలు, కింద మెంతులతో షుగరు తగ్గించుకునే చిట్కా, మధ్యలో మా చెల్లెలి గృహప్రవేశం.

మా ఆవిడ ఆ బొమ్మ చూసి, "ఏమయ్యా, వాళ్ళు బొమ్మ పెట్టి పిలిస్తే నువ్వు గూడా చీర బొమ్మ పెట్టు. సరిపోతాది" అంది.

పోవాలా, వద్దా? రెండు రోజులు తేలలేదు. పోతే పిలుపు లేకుండా పోయినట్టు. పోకపోతే చెల్లెలు ఇక ఈ జన్మకు లేనట్టు. మూడో రోజు మధ్యాహ్నం మిషన్ ఆపి, ఫోన్లో జాబు రాయడం మొదలుపెట్టాను. నాలుగు పేజీలైంది. పెద్దమ్మ ఎట్లాగూ రెండు వాక్యాలే చదువుతుంది కదా అని లోపల ఉన్నదంతా రాసేశాను. పేరు పెట్టలేదు. ఆమెకు జాకెట్టును బట్టే తెలిసిపోతుంది.

సోమవారం పది గంటలకు ఫోన్ బల్ల మీద పెట్టాం. ముందు వీణా కాదు, గిటారూ కాదు, రెండూ కలిసి నీళ్ళలో పడ్డట్టు ఏదో సంగీతం. ఆ వెనక ఒక మగ గొంతు, కొత్త పట్టుచీర మడతలా మెత్తగా. "నమస్కారం. పెద్దమ్మ విశ్రాంతి తీసుకుంటున్నారు. ఇకపై ఎదురుగా కూర్చున్నవాళ్ళతోనే మాట్లాడతానని ఆవిడ నిర్ణయించుకున్నారు. ఇకనుంచి మీ మాటలు వినబోయేది నేను."

అక్క సూది ఆపింది. "ఈయనెవురు తమ్ముడా? పెద్దమ్మ కొడుకా?"

"కొడుకైతే తిట్టేది వచ్చుండేది" అన్నాను.

వారమంతా విన్నాం. పై అంతస్తు బట్టల నీళ్ళు తన వాకిట్లో కారుతున్నాయని ఒకామె రాస్తే, "మీ బాధను ఎంతో ధైర్యంగా పంచుకున్నారు" అన్నాడు. కొడుకు ఇంటర్ తప్పాడని ఒకాయన రాస్తే కళ్ళు మూసుకుని నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చుకోమన్నాడు. అంగడిలో ఉన్న ఐదుగురమూ పీల్చాం. కొడుకు పరీక్ష సంగతి మాత్రం తేలలేదు. ఒక్క తిట్టు లేదు, ఒక్క బస్సు లేదు, ఒక్క అరటిపండు లేదు. పైగా ప్రతి జాబూ మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదివేవాడు, మధ్యలో ఎవరైనా తుమ్మానని రాస్తే అది కూడా. బుధవారానికి పది గంటల ఆడవాళ్ళు సగమయ్యారు. "తిట్టని మనిషి మాట యెవురు ఇంటారు? మా ఇంటాయన గూడా తిట్టడు, ఆయన మాట నేనింటానా?" అని ఒకామె జాకెట్టు తీసుకుని పోయింది.

నా దిగులు వేరు. జీవితంలో ఒక్కసారి నిజం రాస్తే అది ఈయన చేతిలో పడింది.

శుక్రవారం పది గంటలకు, పూలరంగు లైనింగు గుడ్డ మీద సుద్దతో గీత గీస్తుంటే, ఆ మెత్తటి గొంతు "నేనొక టైలరును పెద్దమ్మా" అని మొదలుపెట్టింది. నా చెయ్యి ఆగిపోయింది. నా యాస, నా మాటలు, ఎవరి గొంతులోనో ఇస్త్రీ చేసినట్టుగా వస్తున్నాయి. ఆది పొట్లం వచ్చింది. పర్రుమన్న కుట్టు వచ్చింది. రెండు వాక్యాల దగ్గర ఆగుతాడేమోనని చూశాను. ఆగడే! ఆపేద్దామని ఫోన్ మీదికి చెయ్యి చాచితే అక్క గజం బద్దతో నా వేళ్ళ మీద ఒక్కటిచ్చింది.

ఆయన చదువుతూనే ఉన్నాడు. "పిల్ల ఊరలేదు పెద్దమ్మా. నేనే ఆది చూడకుండా కత్తిరించినాను. లోపల గుడ్డ గూడా వదల్లేదు. తప్పు నాది. నలుగురిలో నా తప్పు కప్పుకునేదానికి ఆ బిడ్డను నవ్వులపాలు చేసినాను. ఆ బిడ్డ మొగం చూసేదానికి నాకు మొగం లేదు. నా చెల్లెలు మాట్లాడకపోయేది న్యాయమే. అయినా ఆమె కొత్తింట్లో పుట్టింటి చీర లేకుండా నిలబడుకుంటే నేను తట్టుకోలేను. పోవాల్నా, వద్దా?"

ఆయన సలహా చెప్పాడు: "మిమ్మల్ని గౌరవంగా పిలవని చోటికి మీరు వెళ్ళాల్సిన అవసరం లేదు. ముందు మీ మనశ్శాంతిని కాపాడుకోండి." ఆ వెంటనే పరుపుల ప్రకటన వచ్చింది.

"మనశ్శాంతంట!" అంది అక్క. "అదేమన్నా లైనింగు గుడ్డా, మీటరు సింపించి దాసిపెట్టుకునేదానికి? తమ్ముడా, నాలుగేండ్లుగా పెద్దమ్మను ఇంటివే, ఆయమ్మ ఏం సెప్పుంటాదో నీకి తెలీదా?"

తెలుసు. నేను జవాబు చెప్పేలోపు ఫోన్ మోగింది. చెల్లెలి పేరు. రెండేళ్ళ తర్వాత. తొందరలో స్పీకరు కూడా నొక్కాను.

"ఏం న్నా, నువ్వు మనిషివేనా?" అన్నది మొదటి మాట. "ఊరూ పేరూ తెలీనోళ్ళకంతా సెప్పుకుంటివి, నాకు సెప్పేదానికి నోరు రాలేదా నీకి? నేను ఇడ్లీ పిండి కలుపుకుంటా ఇంటావుండా. నా సేతిలో గరిటె అట్లనే నిలిసిపోయింది. ఎవురో మొగాయన నా కూతురి కత అంతా సదవతావుండాడు!"

"అది కాదు పాపా..."

"నువ్వు నోరెత్తద్దు. నీ నోటితోనే గదా వచ్చింది ఇదంతా. రేపు నేనూ మీ బావా వస్తాం, బొట్టు పెట్టి పిలుస్తాం. ముదురాకుపచ్చ చీర కావాల నాకు. నువ్వు నీలం తెస్తే వాకిట్లోనే నిలబెడతా."

అంగడిలో ముగ్గురు కస్టమర్లు ఒకేసారి ముక్కు చీదుకున్నారు. ఒకామె చీదింది నేను కుట్టాల్సిన గుడ్డతోనే.

గృహప్రవేశం నాడు బస్సు చంద్రగిరి దాటే దాకా మా ఆవిడ చీర సంచిని ఒళ్ళోనుంచి దించలేదు. పూతలపట్టు దగ్గర మాత్రం, "ఆకుపచ్చేనా? ముదురుదేనా?" అని మూడోసారి తీసి చూసింది. ఈసారి చెల్లెలికీ మేనకోడలికీ జాకెట్లు ఆది చూసి, టేపు పెట్టి, లోపల రెండు వేళ్ళ గుడ్డ వదిలి కుట్టాను. పాలు పొంగుతుండగా చెల్లెలు ఆకుపచ్చ చీరలో నిలబడి, "అన్న తెచ్చినాడు" అని అడగనివాళ్ళకు కూడా చెప్పింది. మేనకోడలు నడింట్లోకి వచ్చి, అందరూ చూస్తుండగా రెండు చేతులూ పైకెత్తింది. ముందుకు చాచింది. వెనక్కి తిప్పింది. డ్రిల్లు మాస్టరు ముందు చేసినట్టు అన్నీ చేసి, "సూడు మామా, సినగలేదు! ఈ రెండేండ్లలో మామిడిపండ్లు నువ్వు తిన్నట్టుండావే, నీ సొక్కా గుండీలు సూడు!" అంది. ఆ రోజు ఇల్లంతా నన్ను చూసి నవ్వింది. అంత హాయిగా నేను ఎప్పుడూ నవ్వులపాలు కాలేదు.

పాడ్‌కాస్టు కొత్తాయన ఇప్పుడు నచ్చాడా అంటే, లేదు. పది గంటలకు ఇంకా పెడుతూనే ఉన్నాం, అక్క ఆయన మీద అరుస్తూ హుక్కులు కుడుతుంది. ఆయన తిట్టడు గనుక ఆయన్ను తిట్టడానికని ఆడవాళ్ళు కొందరు తిరిగి వస్తున్నారు. పెద్దమ్మ గొంతు గుర్తొస్తే ఇప్పటికీ నా మిషన్ పెడలు కాసేపు ఆగుతుంది. అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఆమె ఉండుంటే నా జాబులో రెండు వాక్యాలు చదివి మిగతాది కత్తిరించేది. నేను తప్పు ఒప్పుకున్న ముక్క ఆ కత్తిరింపులోనే పోయేది. చదవడం ఆపడం తెలియని ఈయన చేతిలో పడబట్టి అది బయటికొచ్చింది.

ఇక కొండ సాక్షిగా పెట్టుకున్న ఆ ఒట్టు సంగతి. ఒక ముక్క కల్పించాను.

ఫోన్ మోగలేదు. ఆకుపచ్చ చీర మాటా, బొట్టు పిలుపూ నిజమే, అవి తర్వాత వచ్చాయి. మా చెల్లెలికి ఆ పాడ్‌కాస్టు ఉందన్న సంగతే తెలియదు. అక్క నా చేతిలో కత్తెర లాక్కుని, సంచి ఇచ్చి, అంగడి బయటికి తోసింది. నేను మధ్యాహ్నం బస్సులో చిత్తూరు పోయాను. దారి పొడవునా చెప్పవలసిన మాటలు కూర్చుకున్నాను. కొత్తింటి గేటు దగ్గర ఒక్కటీ రాలేదు. జీవితమంతా అబద్ధాలు అల్లుకుంటూ వచ్చిన నోరు, నిజం దగ్గరికి వచ్చేసరికి ఎండిపోయింది. చెల్లెలు పైపు పట్టుకుని వసారాలో సిమెంటు మరకలు కడుగుతోంది. నన్ను చూసి పైపు కట్టలేదు. నేను ఫోన్ తీసి, ఆ భాగం పెట్టి, గేటు మీదుగా చాచి పట్టుకున్నాను. ఆ మెత్తటి గొంతు నా జాబు మొత్తం చదివింది. నీళ్ళు గేటు కింద నుంచి వచ్చి నా చెప్పులు తడిపాయి. మేడ మీద మేనకోడలు పిట్టగోడ పట్టుకుని వంగి విన్నది. చివర్న ఆయన పోవద్దని సలహా చెప్పేదాకా చెల్లెలు కదల్లేదు.

"ఎవురు న్నా ఈయన?" అంది. "నీకన్నా బాగా సెప్పినాడే, ఆ కడాకరి మాట తప్ప."

అని, పైపు నావైపు తిప్పింది. తల మీద నుంచి కాళ్ళ దాకా తడిపింది. మేడ మీద పిల్ల పడీపడీ నవ్వుతోంది. "ఇంగా కొట్టు మా, వీపు తడవలా!" అని పైనుంచి అరుస్తోంది. నేను బుద్ధిగా వెనక్కి తిరిగి నిలబడ్డాను.